బయటివైపు నుంచి రెండు

ఆ యంత్రం పేరులోనే చెయ్యి ఉంది, సీ-ఆర్మ్.
ఇరవై రెండేళ్లుగా దాన్ని తోస్తున్నాను
గుంటూరు పెద్దాసుపత్రి ఎముకల థియేటర్లో.

ఎలీషాని తెచ్చేసరికి రాత్రి పదకొండున్నర.
ఆరేళ్లు. ఏటుకూరు రోడ్డు గోడౌన్లో
మిర్చి టిక్కీ మీద టిక్కీ, దాని మీద వీడు,
విమానం దిగుతోందని కేకేసి మరీ దిగాడట.
చెయ్యి ఆనించి పడ్డాడు.
మోచేతికి కాస్త పైన, ఎముక అట్టముక్కలా పలచబడే చోట
విరిగి, కింది ముక్క వెనక్కి పోయింది.

తల్లి కెజియా, తొడిమలు తీసే మనిషి.
పిల్లాడు ఏడుస్తుంటే కళ్లు తుడవదు.
రాతిగుండె అనుకున్నాను ఒక్క క్షణం.
చేతులు రెండూ వెనక్కి దాచుకుని
"నా చేతులు మంటండీ, ముట్టుకుంటే వాడి కళ్లు పోతాయి" అంది.
మజ్జిగతో కడిగిందట, కొబ్బరినూనె రాసిందట,
సీజన్ అయ్యేదాకా ఆ ఘాటు వదలదట.
నేనే తుడిచాను, దూదితో.

పీజీ అమ్మాయి రోహిణి వాడితో ఆట మొదలెట్టింది.
బొటనవేలు పైకెత్తు. ఎత్తాడు.
రెండు వేళ్లతో కత్తెర చూపించు. చూపించాడు.
బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టు.
సున్నా కావాల్సింది పక్షి ముక్కయింది.
ఆమె నవ్వు మానేసి కాగితం మీద ఏదో రాసుకుంది.
నాడి మాత్రం ఉంది మణికట్టు దగ్గర,
పలచగా, అరువు తెచ్చుకున్నట్టు.

నాన్నమ్మ ఫోన్లో అరుస్తోంది,
కోతలెందుకు, కట్టు కట్టించుకు రండి అని.
నేనేమీ అనలేదు. నాకు కట్టే కట్టారు.
వెదురు బద్దలు, గుడ్డు సొన, నలభై రోజులు.
అతికింది. ఎముక ఎలాగైనా అతుకుతుంది,
ఎక్కడ అతకాలో దానికి ఎవరూ చెప్పలేదంతే.
నా ఎడమ చెయ్యి ఇవాళ్టికీ మోచేతి దగ్గర ఒంట్లోకి తిరిగే ఉంటుంది.

మత్తు ఇచ్చారు. పతంజలి సార్ చెయ్యి పట్టి లాగారు,
నిద్రపోతున్న పిల్లిని జరిపినంత నెమ్మదిగా,
తర్వాత మడిచి, వెనక నుంచి బొటనవేలితో తోశారు.
"ఫోటో."
తొక్కాను.
ముక్క ఇల్లు చేరింది. ఇక తీగలు.

"సార్, లోపలి నుంచి ఒకటి, బయటి నుంచి ఒకటి,
అడ్డంగా దాటిస్తే గట్టిగా ఉంటుంది కదా?"
"ఉంటుంది. కానీ మోచెయ్యి గోడకి తగిలితే జివ్వుమంటుందే,
ఆ నరం లోపలివైపే పోతుంది. ఈ వాపులో దొరకదు.
ఇప్పటికే ఒక నరం అలిగింది వీడి మీద,
రెండోదాన్ని కెలకొద్దు.
బయటివైపు నుంచి రెండు. ఎడంగా.
చాలకపోతే మూడోది. అదీ చాలకపోతే అప్పుడు
చిన్న గాటు పెట్టి, నరాన్ని కళ్లారా చూసుకుని, లోపలిది."

మొదటి తీగ బాగా పడింది.
రెండోది దాని పక్కనే ఒరుసుకుంటూ పోయింది. తీసేశారు.
మళ్లీ వేశారు. ఈసారి విరిగిన గీత దగ్గర
రెండింటి మధ్యా చిటికెన వేలంత ఎడం.
చెయ్యి అటు తిప్పి ఫోటో, ఇటు తిప్పి ఫోటో.
కదల్లేదు.
మూడో తీగ ట్రేలోనే ఉండిపోయింది.
సార్ నాడి మీద వేలుంచి చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత "టీ ఉందా?" అన్నారు.

ఇరవై ఆరో రోజు ఓపీలో తీగలు లాగేశారు.
అరుద్దామని ఎలీషా నోరు తెరిచేలోపే అయిపోయింది,
మోసపోయినట్టు చూశాడు.
సున్నా ఇంకా పూర్తిగా మూసుకోవట్లేదు.
"వస్తూ ఉంది" అంది రోహిణి. "వచ్చేస్తుంది" అనలేదు.
కెజియా ఆ తీగలు అడిగి తీసుకుని కొంగున ముడేసుకుంది.
సీజన్ ఇంకా అవలేదు, అందుకే
మణికట్టు వెనకవైపుతో వాడి మోచేతిని తాకి చూసింది.

"రెండు చేతులూ చాపరా" అన్నారు సార్.
చాపాడు. ఒకటి ఇంకా పూర్తిగా సాగదు.
వంకర మాత్రం లేదు.
నేను చొక్కా చెయ్యి కిందికి లాక్కుని
తర్వాతి పేరు పిలిచాను.